పని ముందు, ముట్టు తరువాత

నల్లమల అడవికి ఉత్తరపు గడప అచ్చంపేట. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాట ఈ ఊరి సమీపముగా సాగి, మన్ననూరు దాటగానే కొండలలోనికి, చెట్ల నీడలలోనికి ప్రవేశించును. చిరకాలము మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన ఈ పట్టణము రెండు లోకములు కలిసికొను తావు. ఒక వంక జొన్న, వేరుసెనగ పండు మెట్టపొలములు. మరొక వంక చెంచుల పెంటలు. తేనె, జిగురు, కుంకుళ్లు అడవినుండి దిగివచ్చును. ఉప్పు, ధాన్యము, గుడ్డ అడవికి ఎక్కిపోవును. తరతరములుగా సాగిన ఈ బేరములో ఒక వస్తువు మాత్రము మైదానమునుండి అడవికే నడచినది. అది ఇనుము.

చెంచులు ఇనుము కరగింపరు, కొలిమి పెట్టరు. గొడ్డలి, కత్తి, బాణపు ములికి, దుంపలు త్రవ్వు కోలకు తొడుగు ఇనుపమొన—ఇవి మైదానపు కమ్మరి చేసి ఇచ్చినవే. 1940లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి, 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వారి సామగ్రి ఎంత కొద్దిపాటిదో వర్ణించెను. విల్లు, బాణములు, గొడ్డలి, కత్తి, త్రవ్వుకోల, వెదురు బుట్టలు, నిప్పు రాజేయుటకు చెకుముకి—ఇంచుమించు వీనితోనే ఒక కుటుంబపు బ్రతుకు గడచెడిది. వీనిలో త్రవ్వుకోల మిక్కిలి ముఖ్యమైనది. అడవి దుంపలు దొరకని నాడు విల్లంబులున్నను కడుపు నిండదు.

అయితే ఇచ్చట గమనింపవలసిన విషయ మొకటి కలదు. కమ్మరి ఇచ్చునది ఇనుపముక్క మాత్రమే. దానికి కఱ్ఱను ఏరుకొనువాడు, కోల పొడవును తన ఎత్తునకు, తన నేలకు తగినట్లు నిర్ణయించువాడు, పిడిని తన అరచేతికి సరిపడ చెక్కుకొనువాడు చెంచు. రాతినేలలో త్రవ్వువాని కోల ఒకవిధముగా, మెత్తని వాగుగట్టున త్రవ్వువాని కోల మరొకవిధముగా అరుగును. అరిగినకొలది దానిని మరల సవరించుకొనవలెను. సంతలో కొన్నది ఇనుము. పనిలో తయారైనది ముట్టు. తెలుగుభాష ఈ రహస్యమును ఒక్క మాటలో దాచుకొన్నది. మనవారు దానిని ‘పనిముట్టు’ అన్నారు. పని ముందు, ముట్టు తరువాత.

జేబులో ఇమిడిన కర్మాగారము

నేడు ఈ బాటవెంట ఇంకొక కత్తి కూడ అడవివైపు వచ్చుచున్నది. మల్లెలతీర్థము చూడబోవు యువకుల సంచులలో, ఫరహాబాదు కొండకొమ్మునుండి లోయను తిలకించువారి జేబులలో ఎఱ్ఱని పిడిగల మడతచాకు తరచుగా ఉండును. చాకు, చిన్న రంపము, కత్తెర, డబ్బామూత తెరచు కొక్కెము, సీసామూత తీయు ముట్టు, స్క్రూడ్రైవరు, తోలుకు బెజ్జము వేయు ఆరె—అన్నియు తొమ్మిది సెంటీమీటర్ల పిడిలో ఒదిగి కూర్చుండును. దీని జన్మకథ తెలిసికొనదగినది.

స్విట్జర్లాండులోని ఇబాహ్ గ్రామమున కార్ల్ ఎల్సెనర్ అను కత్తులపనివాడు 1884లో కార్ఖానా నెలకొల్పెను. ఆ దేశపు సైనికులకు 1889లో క్రొత్తరకము తుపాకి వచ్చినది. దానిని విప్పుటకు స్క్రూడ్రైవరు, భోజనపు డబ్బాలు తెరచుటకు కొక్కెము కావలసివచ్చెను. రెంటిని చాకుతో కూర్చి ఒక్క పిడిలో పెట్టవలెనని సైన్యము నిశ్చయించినది. మొదటి చాకులు జర్మనీనుండి వచ్చినవి. 1891 నుండి ఎల్సెనర్ వానిని స్వదేశముననే చేయించి ఇచ్చెను. ఆ సైనికుల చాకు మోటుగా, బరువుగా ఉండుటచే అతడు దానిని తేలికపరచి, పిడికి రెండువైపులను ముట్లు అమరునట్లు లోపలి స్ప్రింగును మార్చి, 1897 జూన్ 12న ‘అధికారుల చాకు’ పేర నమోదు చేయించెను. అతని తల్లి పేరు విక్టోరియా. ఆ పేరునకు, తుప్పుపట్టని ఉక్కును సూచించు ‘ఇనాక్స్’ అను మాట 1921లో చేరి ‘విక్టోరినాక్స్’ అయినది.

ఇట్టి ఆలోచన ఐరోపాకు మాత్రమే సొంతము కాదు, నిన్నటిదియు కాదు. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఫిట్జ్‌విలియం మ్యూజియమునందు క్రీస్తుశకము మూడవ శతాబ్దపు రోమను మడతముట్టు ఒకటి ఉన్నది. వెండి పిడిలో చెంచా, ముల్లుగరిటె, ఇనుపచాకు మున్నగునవి కలవు. దక్షిణదేశపు తాళపత్ర లేఖకులకు ఒక కొనయందు గంటము, మరొక కొనయందు ఆకు కత్తిరించు చాకు గల మడతముట్లు ఉండెడివి. ఆకును కోయుట, వ్రాయుట ఒకే వ్యక్తి ఒకే కూర్చున్నచోట చేయు పనులు గనుక ఆ రెండును ఒక్క పిడిలో చేరినవి. అనగా, అచ్చటను పనియే ముట్టును రూపొందించినది.

అమెరికావాసి టిమ్ లెదర్‌మన్ కథ ఇంకను స్పష్టమైనది. 1975లో అతడు పాతకారులో ఐరోపా తిరుగుచు, కారు చెడినపుడెల్ల జేబుచాకుతో బాగుచేయ యత్నించి, పటకారు లేక విసిగెను. ఇంటికి మరలి, చాకు నడుమ పటకారును ఇమిడ్చిన నమూనాకై ఏండ్ల తరబడి శ్రమించెను. 1980లో పేటెంటు లభించినది. 1983లో మొదటి ముట్టు అంగడికెక్కినది. అతడు చేసినది కూడ జేబుచాకును తన పనికి తగినట్లు మార్చుటయే.

అందరిదైన కత్తి ఎవరిది?

ఇంత తెలివిగా కూర్చిన చాకు అడవిలో కఱ్ఱపనికి పూనుకొన్నపుడు ఏల తడబడును? కారణము సులువు. అది అందరికొరకు చేసినది. సైనికునికి, ప్రయాణికునికి, ఇంటి ఇల్లాలికి, కార్యాలయపు గుమాస్తాకు సమానముగా పనికిరావలెనని చేసిన వస్తువు ఏ ఒక్కరి పనికిని పూర్తిగా సరిపోదు. అడవిలో రాత్రి గడపువానికి సీసామూత తీయు ముట్టుతో పని లేదు. నిప్పు రాజేయుటకు సన్నని చెక్కపొట్టు తీయవలెను, గుడారపు మేకునకు గాడి కోయవలెను, వెదురు చీల్చవలెను, గంజి త్రాగుటకు తెడ్డు చెక్కుకొనవలెను.

కఱ్ఱను కోయుట అనగా మేకువంటి ఏటవాలును నారల నడుమకు దింపుట. ఆ ఏటవాలు సన్నమైనచో లోతుగా దిగును, కాని అంచు త్వరగా విరుగును. లావైనచో అంచు నిలుచును, కాని కఱ్ఱ చీలిపోవునేగాని నునుపుగా తెగదు. జేబుచాకు అంచు సామాన్యముగా ఒక్కొక్క ప్రక్కకు సుమారు 20 డిగ్రీల కోణమున ఉండును. పండు కోయుటకు, తాడు తెంచుటకు అది చాలును. మెత్తని కఱ్ఱను చెక్కుటకు అంతకంటె సన్నని కోణము కావలెను. వెదురు సంగతి వేరు. దాని పైతోలులో ఇసుకను పోలిన సిలికా ఉండుటచే సన్నని వాదర కొద్దిసేపటిలోనే మొద్దుబారును. అందువలననే వెదురుపని చేయు మేదరుల కత్తి బరువుగా, వెన్ను మందముగా ఉండును. వారి కత్తి చీలికను మొదలుపెట్టును. ఆపైన కత్తిని మెలిపెట్టగా నారలు తమంతట తామే విడివడును. మేదరి కత్తితో తెడ్డు చెక్కలేము. తెడ్డు చెక్కు చాకుతో వెదురు చీల్చలేము. అన్నిటిని ఒక్కచాకు చేయవలెనన్న ఆశను విడుచుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

నాలుగు మార్పులు

కావున మొదట పనిని ఎన్నుకొనవలెను. ఒక చిన్న తెడ్డును ఉదాహరణముగా తీసికొందము. దానికి కఱ్ఱను పొడవునకు తెంచు రంపము, పైరూపు చెక్కు చాకు, గుంట తీయు ముట్టు కావలెను. మొదటి రెండును మడతచాకులో ఉన్నవి. మూడవది లేదు. ఇక మార్పు ఎచ్చట చేయవలెనో పనియే చెప్పుచున్నది.

మొదటి మార్పు పెద్దచాకు అంచునకు సంబంధించినది. దానిని సానరాతిపై ఆనించు కోణమును ఒక్కొక్క ప్రక్కకు 15 డిగ్రీలకు తగ్గించినచో వేప, పొణికి వంటి కఱ్ఱలపై అది ఇంపుగా నడచును. కోణమును కొలుచుటకు యంత్రము అక్కరలేదు. పదవతరగతి విద్యార్థికి త్రికోణమితి చాలును. చాకు వెడల్పు 15 మిల్లీమీటర్లు అనుకొందము. వెన్నును రాతినుండి 5 మిల్లీమీటర్లు ఎత్తినచో కోణపు సైను మూడవవంతు. అనగా కోణము సుమారు 19½ డిగ్రీలు. 4 మిల్లీమీటర్లు ఎత్తినచో సుమారు 15½ డిగ్రీలు. ఒక్క మిల్లీమీటరు భేదముతో చాకు స్వభావమే మారునన్న సంగతి పాఠ్యపుస్తకములోని సైను పట్టికకు ప్రాణము పోయును. నూరునపుడు ఆ ఎత్తు చెదరకుండ నిలుపుటకు మాత్రము పట్టిక చాలదు, మణికట్టు నేర్వవలెను. ఒక ప్రక్క నూరగా రెండవ ప్రక్కకు వెండ్రుకవంటి సన్నని ఇనుపపోగు తిరుగును. అది అంచు పొడవునా వ్రేలికి తగిలినపుడు ప్రక్క మార్చవలెను. చివరకు పాతతోలు పటకాపై వెన్నువైపునకు లాగినచో ఆ పోగు రాలిపోవును. క్షురకులు మంగలికత్తిని తోలుపై తీయుట ఇందులకే.

రెండవ మార్పు ఊరక కూర్చున్న ముట్టునకు. డబ్బామూత తెరచు కొక్కెమును మంచి గీకుడుముట్టుగా మార్చవచ్చును. దాని కొనను ఒకే ప్రక్కకు ఏటవాలుగా నూరినచో చిన్న ఉలి అగును. లోపలి వంపును పదునుపెట్టినచో గుంటను గీకుటకు పనికివచ్చును. నిండుగా వంగిన తెడ్డుకత్తి దీనితో సిద్ధింపదు. గట్టిపడిన ఉక్కును వంచబోయిన విరుగును. కాని అడవివారి ప్రాచీనమైన ఉపాయ మొకటి కలదు. చెక్కమీద నిప్పుకణిక నుంచి, సన్నగా ఊదుచు మాడ్చి, మాడిన భాగమును గీకివేయుదురు. మరల కణిక, మరల గీకుట. లోతైన గుంట ఇట్లు ఏర్పడును. నరకవలసిన పనిని నిప్పు చేసిపెట్టును. గీకుట మాత్రమే ముట్టు వంతు. కొక్కెపు వంపునకు అంతమాత్రపు పని తగినది.

మూడవ మార్పు రంపపు వెన్నునకు. చెకుముకిరాయి స్థానమున నేడు యాత్రికులు నిప్పురవ్వలు చిమ్ము మిశ్రలోహపు కడ్డీని వాడుచున్నారు. దానిని గీయుటకు చదరమైన, కోసుగల ఇనుపవెన్ను కావలెను. పలువురు చాకువెన్నునే అట్లు నూరుకొందురు. అది పొరపాటు, చెక్కునపుడు బొటనవ్రేలు ఆనునది ఆ వెన్నుమీదనే గనుక గంటలోపల వ్రేలు బొబ్బలెక్కును. రంపపు వెన్నుమీద ఎవరును బొటనవ్రేలు ఆనింపరు. ఆకురాయితో దానిని చదరము చేసి, చాకువెన్నును మాత్రము గుండ్రముగా నునుపుచేయుట ఉచితము. ఒకే చాకులో ఒక అంచు కోసుగాను, మరొక అంచు మృదువుగాను ఉండవలసివచ్చుటకు హేతువు చేతివ్రేలే.

నాలుగవది పిడి. ప్లాస్టికు రేకులు సన్నగా, జారుడుగా ఉండును. జేబునకు హాయి, అరచేతికి కష్టము. వానిని తీసివేసి కఱ్ఱ రేకులు అతికించుట ఈ మార్పులన్నిటిలోను తృప్తికరమైనది. జిట్రేగి, తునికి, చండ్ర—ఇట్టి చేవగల కఱ్ఱ బాగుగా ఎండినది కావలెను. పచ్చికఱ్ఱ ఎండినపుడు ముడుచుకొని అతుకు విడిపోవును. వడ్రంగి కొట్టులో చెత్తగా రాలిన ముక్క చాలును. పిడి గుండ్రముగా ఉండరాదు, కోలగా ఉండవలెను. గుండ్రని పిడి చేతిలో తిరిగిపోవును. కోలపిడి, చూడకుండనే, అంచు ఏ దిక్కున ఉన్నదో అరచేతికి తెలుపును. రైతు గొడ్డలికామను తడిమి చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

ఉక్కును చంపునది వేడి

ఈ మార్పులలో ప్రమాద మొకటి పొంచియున్నది. చేతిరాతిపై ఒకపూట పట్టు పనిని, తిరుగుడు యంత్రముపై ఒక్క నిమిషమున ముగింపవచ్చునను ఆశ ఎవరికైనను పుట్టును. ఆ ఒక్క నిమిషములో చాకు ప్రాణము పోవచ్చును.

ఉక్కు అనగా ఇనుమునందు కొద్దిపాటి కర్బనము కలిసిన లోహము. ఎఱ్ఱగా కాల్చి ఒక్కమారుగా చల్లార్చినచో అది గాజువలె కఠినమై, గాజువలెనే పెళుసగును. దానిని మరల కొద్దిగా వేడిచేయగా పెళుసుదనము తగ్గి, కాఠిన్యము చాలినంత మిగులును. ఆ ‘కొద్దిగా’ ఎంత అన్నదే కమ్మరి విద్య. మెరుగుపెట్టిన మామూలు ఉక్కును వేడిచేసినచో సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లేత గడ్డిరంగు, ఆపైన గోధుమరంగు, ఊదా, 300 డిగ్రీల దరిదాపున నీలము కానవచ్చును. గడ్డిరంగువద్ద ఆపిన ఉక్కు కోయును. నీలము దాటిన ఉక్కు వంగును. కమ్మరికొట్టము చీకటిగా ఉండుట పేదరికముచే మాత్రమే కాదు. ఎండ వెలుగున కొలిమిలోని ఇనుపరంగు కంటికి తెలియదు.

ఈ జ్ఞానము తెలంగాణమునకు పరాయిది కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో కరగించి తీసిన ఉక్కునకై పారసీక వర్తకులు వచ్చెడివారు. 19వ శతాబ్ది తొలిపాదమున హెన్రీ వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ పనిని కన్నులార చూచి వర్ణించెను. లోకప్రఖ్యాతములైన డమాస్కసు ఖడ్గములు ఇట్టి దక్షిణదేశపు ఉక్కుతోనే తయారైనవి.

జేబుచాకుల ఉక్కు మరొక జాతి. ఇంగ్లాండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ 1913లో తయారుచేసిన తుప్పుపట్టని ఉక్కు వంశమునకు చెందినది. క్రోమియము కలియుటచే దానిపై రంగులు మామూలు ఉక్కుకంటె ఆలస్యముగా, హెచ్చు వేడివద్ద తేలును. అందుచే రంగు చూచి జాగ్రత్తపడుదమనుకొనువాడు మోసపోవును. రంగు కనబడునప్పటికే పదును చెడిపోయియుండును. ఇచ్చట నమ్మదగిన కొలత చేతివ్రేలు. నూరుచున్న ముట్టును వ్రేళ్లతో పట్టుకొనలేనంత వేడి పుట్టకముందే నీటిలో ముంచవలెను. సన్నని కొన అన్నిటికంటె ముందు కాలును గనుక దానియెడ మరింత మెలకువ అవసరము. చేతిరాయి, నీరు, ఓపిక ఉన్నవానికి ఈ భయమే లేదు.

ఉపాధ్యాయులు ఈ ధర్మమును తరగతిలో మూడు కుట్టుసూదులతో చూపవచ్చును. మొదటి సూదిని పటకారుతో పట్టి వంచినచో కొంత వంగి, టక్కున విరుగును. రెండవదానిని దీపపుమంటలో ఎఱ్ఱగా కాల్చి, మెల్లగా చల్లారనిచ్చి వంచినచో తీగెవలె వంగును. మూడవదానిని ఎఱ్ఱగా కాల్చి వెంటనే నీట ముంచినచో తాకినంతనే తునియును. ఇనుము అదే, సూది అదే. మారినది వేడి, చల్లార్చిన తీరు. విరిగిన ముక్క ఎగిరి కంటిలో పడకుండ సూదిపై గుడ్డ కప్పుట, పిల్లలను దూరముగా నిలుపుట మరువరాదు.

మార్పరానివి

ఎచ్చట ఆగవలెనో తెలిసినవాడే మార్పు చేయదగినవాడు. మడతచాకులో ముట్టు తిరుగు కీలును, దానిని నిలిపియుంచు స్ప్రింగును ముట్టరాదు. సామాన్యమైన జేబుచాకుకు తాళము ఉండదు. స్ప్రింగు బిగువే దానిని తెరచియుంచును. కొనతో పొడిచినను, వెన్నుపై కఱ్ఱతో మోదినను చాకు మడతపడి వ్రేళ్లు తెగును. చీల్చుపనిని గొడ్డలికో, మేదరి కత్తికో విడువవలెను. నూరునపుడు కన్నులకు అద్దములు, చెక్కునపుడు శరీరమునుండి ఆవలకు కోత, ఒకరికొకరు చేయిచాపినను అందనంత ఎడము—ఇవి తొలి నియమములు. ప్రాథమిక తరగతుల పిల్లలకు ఈ పని తగదు. పై తరగతులవారికైనను పెద్దల కనుసన్నలలోనే చేయింపవలెను.

మార్పరానిది ఇంకొకటి ఉన్నది. అది అడవి. అచ్చంపేటకు దక్షిణమున పరచుకొన్న అమ్రాబాదు పులుల అభయారణ్యము సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము కలది. చాకు పదును చూచుటకు అచ్చటి కొమ్మను నరుకు హక్కు యాత్రికునికి లేదు. అడవిలో పుట్టి బ్రతుకు చెంచుకు తేనె, వెదురు, దుంపల వంటి చిన్నతరహా అటవీఫలములపై హక్కును 2006 నాటి అటవీహక్కుల చట్టము గుర్తించినది, చూడవచ్చినవానికి కాదు. అతని చాకునకు ఇంటిపెరటిలో కత్తిరించిన వేపకొమ్మ చాలును. బొమ్మలపనివారు కూడ కఱ్ఱను ఎంతో ఆలోచించి ఏరుకొన్నారు. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు. తేలికగా, ముడులు లేకుండ, ఏ దిక్కునకైనను నునుపుగా తెగు కఱ్ఱలవి. చేవమ్రాను కనబడినదని దానితో మొదలుపెట్టినచో విద్యార్థికి కఱ్ఱమీదను, చాకుమీదను కోపము వచ్చుటే ఫలము. ఆడలేక మద్దెల ఓడన్నట్లు ముట్టును నిందించుట అప్పుడే మొదలగును.

బడిలో చేతికి చోటు

ఈ చిన్నచాకును గూర్చి ఇంత చర్చ ఏలయని ఎవరైన అడుగవచ్చును. చేతితో వస్తువును మార్చగలనను నమ్మకము పిల్లలలో సన్నగిల్లుచున్నది. పెన్సిలు చెక్కుటకు మరముట్టు వచ్చినది. విరిగిన వస్తువును బాగుచేయుటకంటె క్రొత్తది కొనుట సులువైనది. ఊరి కమ్మరికొలిములు అనేకము చల్లారినవి. కారుపట్టీల ఉక్కును కత్తిగా మార్చగల చేతులు కూలిపనులకు పోయినవి. పెంటలలోని చెంచుయువకులు సైతము తాతలు చెక్కినట్టి త్రవ్వుకోలకంటె కూలిడబ్బుతో కొన్న పనిముట్టును, ఆపైన కొన్న బియ్యమును నమ్ముకొనవలసిన కాలము వచ్చినది. కోలతోపాటు దానిని సవరించు జ్ఞానము కూడ ఆ ఇంటిలోనే ముగియుచున్నది. వ్రాతలో లేని విద్య ఒక్క తరము చేయి విడిచినచో మరల పుస్తకమునుండి పుట్టదు.

1937లో వార్ధాలో జరిగిన విద్యామహాసభలో గాంధీమహాత్ముడు చేతిపనిని చదువునకు కేంద్రముగా చేయవలెనని ప్రబోధించెను. అది బడులలో నిలువలేదు. 2020 జాతీయ విద్యావిధానము మరల ఆ దిక్కునకే చూచి, ఆరు మొదలు ఎనిమిదివరకు తరగతుల విద్యార్థులు పదిరోజులు పుస్తకసంచి లేకుండ వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలగు స్థానికుల వద్ద పని నేర్వవలెనని సూచించినది. అచ్చంపేట ప్రాంతపు బడులకు ఇట్టి గురువులు దూరమున లేరు. ఒకనాడు కమ్మరిని పిలిచి, ఇనుపరంగులను చూపింపవచ్చును. మరొకనాడు పెంటనుండి ఒక వృద్ధుని గౌరవముతో ఆహ్వానించి, కోలకు కఱ్ఱను ఎట్లు ఏరునో, ఎంత పొడవు ఉంచునో, మొన అరిగినపుడు ఏమి చేయునో చెప్పుమనవచ్చును. ఆ పూట ఉపాధ్యాయుడును పిల్లలతో కలిసి క్రింద కూర్చుండి వినుట మంచిది.

తరువాత పిల్లవాని చేతికి ఒక ఎండిన వేపకొమ్మను, నూరిన చాకును ఇచ్చి తెడ్డు చెక్కుమనవలెను. మొదటి తెడ్డు వంకరగా వచ్చును. కాడ ఒకవైపు లావై, గుంట ఒక ప్రక్కకు ఒరిగియుండును. ఆ తెడ్డును పారవేయనీయక, వంకర ఏ తావున మొదలైనదో, అచ్చట చాకు జారినదా, చేయి జారినదా, పిడి తిరిగినదా అని అడుగవలెను. పిల్లవాడు కొంతసేపు తెడ్డును, కొంతసేపు చాకును త్రిప్పి చూచును. పిడిలో ఏ చోటును కొంచెము గీకవలెనో అతనికే తోచును.